పడుకోబెట్టిన ముల్లు

తావియా భార్యను చంపింది డ్వొమో. మెకానిక్ షెడ్ల పేట సువామె మాగజైన్‌లో ఈ సంగతి తెలియని మెకానిక్ లేడు, ఏడాదిగా తావియా చెప్తూనే ఉన్నాడు కాబట్టి. పోలీసులు అలా రాయలేదు. ఆసుపత్రి వాళ్ళూ అలా రాయలేదు. వాళ్ళకి వైరింగ్ తెలియదు. తావియాకి తెలుసు.

డ్వొమో చేసే పని మాగజైన్‌లో కొత్తదేమీ కాదు. రేడియేటర్ కారుతున్న వ్యాన్ వస్తుంది. బాగుచేయించడం యజమానికి ఇష్టం ఉండదు. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోతే ముందు సీట్లో వాళ్ళు చూస్తారు, దిగిపోతామని గొడవ చేస్తారు. అందుకని ఎలక్ట్రీషియన్ సెన్సార్ తీగ కత్తిరించి, చిక్కుడు గింజంత రెసిస్టర్ ఒకటి కట్టి, పైన టేపు చుడతాడు. ఇక ఇంజన్ మరిగినా మాడినా ముల్లు మధ్యలోనే ఉంటుంది. దాన్ని ముల్లును పడుకోబెట్టడం అంటారు. డ్రైవర్లు దాచుకోరు కూడా. "డ్వొమో దగ్గర పడుకోబెట్టించాలే," అని పులిసిన మొక్కజొన్న ముద్ద కెంకే తింటూ చెప్పుకుంటారు, పిల్లాడికి టీకా వేయించినట్టు.

మంగళవారం పొద్దున తావియా ఒక టాక్సీ బానెట్ కింద ఉన్నాడు. ఇంజన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. టాక్సీవాడు అప్పటికే వేరే షెడ్డులో సెన్సార్ మార్పించాడు. అది కుదరక ఇంకోటి మార్పించాడు. ఇప్పుడు మూడోది జేబులో పెట్టుకుని వచ్చాడు.

"అది జేబులోనే ఉంచు," అన్నాడు తావియా.

సెన్సార్ ప్లగ్గు ఊడబీకాడు. ఆ ప్లగ్గులో తన చేతిపెట్టె తీగలు రెండూ గుచ్చాడు. అరచేతిలో పట్టే పెట్టె. చిన్న తెర, పక్కన తిప్పే మీట.

"ఏంటి మాస్టర్ అది, ఫోనా?"

"కాదు."

"మరి?"

"అబద్ధాలు చెప్పే పెట్టె. సెన్సార్ గొంతుతో ఇది మాట్లాడుతుంది. ఇంజన్ చల్లగా ఉందని చెప్తాను, మరుగుతోందని చెప్తాను. కంప్యూటర్ నమ్మితే తీగ బాగున్నట్టు, నీ సెన్సార్ చెడిపోయినట్టు. నమ్మకపోతే నా మాట దాని దాకా పోవట్లేదన్నట్టు."

"నాకూ ఒకటి ఇప్పించు. మా ఆవిడకి పెడతాను."

తావియా నవ్వలేదు. మీట ఒకవైపు తిప్పాడు. చల్లగా ఉందని చెప్పాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రెండోవైపు తిప్పాడు. డ్యాష్‌బోర్డులో ముల్లు కదల్లేదు. అంటే మాట పోవట్లేదు. తీగ వెంట వేళ్ళు నడిపించుకుంటూ పోయాడు. బ్యాటరీ కింద పళ్ళెం దగ్గర తీగ మెత్తగా తగిలింది. టేపు విప్పితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి ఉంది.

"నీకు రెండు సెన్సార్లు అంటగట్టినవాడు ఇక్కడి దాకా రాలేదు," అన్నాడు. "వంగడానికి వాడికి బద్ధకం."

తీగ అతికిస్తూ ఉండగా రోడ్డు మీద కేకలు వినపడ్డాయి. తాడు కట్టి ఒక వ్యాన్‌ను లాక్కొస్తున్నారు. నీలం రంగు వెలిసిపోయి బూడిద అయింది. వెనక అద్దం మీద పసుపు అక్షరాలు: ఓర్చుకో.

తావియా చేతిలో శ్రావణం అలాగే ఆగిపోయింది. ఆ అద్దాన్ని అతను ఎత్తు దారి పక్కన, పోలీసుల మధ్య నిలబడి చూశాడు. ఊపిరాడని భార్య ఆసుపత్రికి బయల్దేరింది ఆ వ్యాన్‌లోనే, ఇంజన్ బిగుసుకుపోయి ఆగింది ఆ ఎత్తు మీదే. ఏడాది ఆ వ్యాన్ ఎజురాలో ఎవరి పెరట్లోనో పడి ఉందని విన్నాడు. కొనేవాడు దొరికాడన్నమాట.

టాక్సీవాడు "మాస్టర్, తీగ..." అంటున్నాడు. తావియా అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

వ్యాన్ కొన్నవాడు దిగి తాడు విప్పుతున్నాడు. పాత ఇంజన్ తీసేసి సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వేయిస్తాడట. డ్యాష్‌బోర్డు, వైరింగ్ అంతా అలాగే ఉంచుతాడట.

"దీని మీద ఎవడూ చెయ్యి వెయ్యకూడదు," అన్నాడు తావియా.

"నా వ్యాన్ మీద నన్ను చెయ్యి వెయ్యొద్దంటావేంటి?"

"వేసి చూడు."

తావియా చేతిలో శ్రావణం ఇంకా ఉంది. కొన్నవాడు దాని వంక చూశాడు, తర్వాత మొహం వంక చూశాడు. తాడు వదిలేశాడు.

*

నానా బాడు ఆ వరసలో మాస్టర్ల సంఘానికి అధ్యక్షుడు. ముసలాయన. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని పొద్దస్తమానం పళ్ళపుల్ల నములుతుంటాడు. తగువులన్నీ ఆ కుర్చీ ముందుకే వస్తాయి.

"నానా, ఆ వ్యాన్ నాకు కావాలి. ఎవరూ ముట్టుకోక ముందు."

"ఏ వ్యాన్?"

"సెర్వా వ్యాన్."

"సెర్వాకు వ్యాన్ ఎక్కడిది?"

"సెర్వాను చంపిన వ్యాన్."

నానా బాడు పళ్ళపుల్ల నోట్లోంచి తీశాడు.

"ఏడాదిగా ఈ మాట అంటున్నావు," అన్నాడు. "విని విని మా చెవులు అరిగిపోయాయి. ఇప్పుడేం చేస్తావు?"

"అందరి ముందూ తీగలు విప్పుతాను. డ్వొమో కట్టిన రెసిస్టర్ బయటికి తీస్తాను. వాడు షెడ్డు మూసుకుని మాగజైన్ విడిచి పోవాలి. శనివారం సెర్వా సంవత్సరీకం. వాళ్ళ మనుషుల ముందు నిలబడి నేను చెప్పాలి."

ఆ ఇంటి వాళ్ళకు అదొక పద్ధతి. సంవత్సరీకం నాడు భర్త లేచి, ఆమె ఎలా పోయిందో చెప్పాలి. అంతవరకూ ఎవరేం అనుకున్నా, ఆ రోజు చెప్పిందే నిలబడుతుంది. పిల్లలకీ వాళ్ళ పిల్లలకీ అదే చెప్తారు. ఆ రోజు నోట్లోంచి వచ్చే పేరు ఆ ఇంట్లో ఎప్పటికీ హంతకుడి పేరే.

"రుజువు కాకపోతే?" అన్నాడు నానా బాడు.

"అవుతుంది."

"నేనడిగింది అది కాదు."

"కాకపోతే సీసా పట్టుకుని వాడి షెడ్డుకు పోతాను."

తప్పుడు నింద వేసినవాడు జిన్ను సీసా తెచ్చి, మాస్టర్లందరూ చూస్తుండగా అవతలివాడి ముందు పెట్టి, అన్న మాట వెనక్కి తీసుకోవాలి. తావియా ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, నానా బాడు మళ్ళీ పళ్ళపుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

"గురువారం," అన్నాడు. "అంతవరకూ వ్యాన్ నా షెడ్డు ముందుంటుంది. తాళం నా దగ్గర."

*

బుధవారం మధ్యాహ్నం డ్వొమోయే వచ్చాడు. పెద్ద శరీరం. నడిస్తే చెప్పులు నేలకు కొట్టుకుంటాయి. తావియా ఒక స్టార్టర్ మోటార్ విప్పుకుని కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు.

"మాస్టర్ తావియా."

తావియా ఇంకో స్క్రూ విప్పాడు.

"ఏడాది నుంచి నా ఎదురుగా ఉమ్మేస్తున్నావు. నేనేమీ అనలేదు. పెళ్ళాం పోయినవాడు, అననీలే అనుకున్నాను. ఇప్పుడు నా షెడ్డు మూయించే దాకా వచ్చావు."

"రేపు మాట్లాడు."

"ఇవాళే మాట్లాడతాను. ముళ్ళు పడుకోబెట్టానా? పెట్టాను. నేను కాదంటే పక్కవాడు పెడతాడు. కానీ ఆ వ్యాన్‌కి నేను చేసింది హెడ్‌లైట్లు. హెడ్‌లైట్లు, హారను. అంతే."

"పడుకోబెట్టిన వ్యాన్లన్నీ గుర్తున్నాయా నీకు?"

డ్వొమో తడబడ్డాడు. "అన్నీ అంటే..."

"గుర్తులేవు. ఎన్ని ఇళ్ళకి ఎసరు పెట్టావో నీకే గుర్తులేదు. దీనికి మాత్రం హెడ్‌లైట్లే అని గుర్తుంది."

"ఎందుకు గుర్తుండదు? ఏడాదిగా నువ్వు గుర్తుచేస్తూనే ఉంటే."

తావియా మోటార్ బ్రష్షులు ఒక్కొక్కటే బయటికి తీసి గోనెపట్టా మీద పేర్చాడు. బొగ్గు అరిగి గోరంత మిగిలింది. ఆ గోరంత ముక్కల్ని మసిగుడ్డతో తుడిచాడు, తుడవాల్సిన పని లేకపోయినా. డ్వొమో నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

ఎదురుగా కెంకే అమ్మే అఫ్రియే ఇదంతా చూసింది. సెర్వా చెల్లెలు. ఆకులు విప్పి, కెంకే పళ్ళెంలో పెట్టి, పక్కన వేయించిన చేప, మిరప ముద్ద వేసి తెచ్చింది.

"తిను బావా."

"ఆకలిగా లేదు."

"కోపం తిని బతుకుతున్నావా? నీ మొహం చూస్తే అలాగే ఉంది. ఉప్పు సరిపోయిందా దానికి?"

అతను చేప ముక్క తుంచాడు. అఫ్రియే అక్కడే నిలబడింది.

"వాడే అని నీకు గట్టిగా తెలుసుగా?" అంది.

"నీకు అనుమానమా?"

"నాకేం తెలుసు? నేను కెంకే అమ్ముకునేదాన్ని. నువ్వు చెప్పావు, అమ్మ నమ్మింది, మామయ్య నమ్మాడు. నేనూ నమ్మాను. ఏడాదిగా వాడి షెడ్డు వాళ్ళకి ఒక్క కెంకే అమ్మలేదు. అందుకే అడుగుతున్నా."

"వాడే."

"సరే అయితే," అంది అఫ్రియే. కొంగు నడుముకు బిగించి కట్టుకుంది. "రేపు కుండ పొయ్యి మీద పెట్టి వచ్చి చూస్తాను."

*

గురువారం వరసలో సగం షెడ్లు పని ఆపేశాయి. నానా బాడు కుర్చీ వ్యాన్ పక్కకు తెచ్చి వేశారు. డ్వొమో చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. వ్యాన్ కొన్నవాడు బానెట్ తెరిచాడు.

తావియా తన బ్యాటరీ తెచ్చి తగిలించాడు. ముందు తీగలు చూపించాడు. ఫ్యాక్టరీలో చుట్టిన నల్లటి గుడ్డటేపు. చేత్తో తడిమి చూడమని నానా బాడును పిలిచాడు.

"ఇది విప్పిన టేపు కాదు కదా నానా?"

ముసలాయన వంగి, గోటితో గీకి చూశాడు. "జిడ్డు పేరుకుపోయింది. ఎవరూ విప్పలేదు."

"ఇంజన్ దగ్గర ఎవరూ విప్పలేదు. వీడు డ్యాష్‌బోర్డు వెనక కడతాడు. అదీ చూపిస్తాను."

స్క్రూలు తీసి డ్యాష్‌బోర్డు ఊడదీశాడు. వెనక తీగల గుత్తి బయటపడింది. సెన్సార్ నుంచి వచ్చే తీగ గోధుమరంగుది, మీద తెల్ల చార. బ్లేడు తీసుకుని టేపు చీల్చడం మొదలుపెట్టాడు. చీల్చిన చోటల్లా ఆ తీగ దొరకబుచ్చుకుని వేళ్ళతో నలుపుతూ పోయాడు. కంప్యూటర్ దగ్గర నుంచి, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉన్న ఇనుప గోడ రంధ్రం దాకా. రంధ్రం నుంచి ఇంజన్ మీద నుంచి సెన్సార్ ప్లగ్గు దాకా. హెడ్‌లైట్ల తీగలకు మాత్రం నీలం టేపు చుట్టిన అతుకులు రెండు దొరికాయి.

"అవి నావే," అన్నాడు డ్వొమో. "నీలం టేపు నాది."

గోధుమరంగు తీగ మీద అతుకు లేదు. తావియా మళ్ళీ మొదటి నుంచి నలుపుకుంటూ వచ్చాడు. లేదు.

చూసేవాళ్ళలో ఎవడో దగ్గాడు. "మాస్టర్, ఇంకా చీల్చు, సీటు కింద ఉందేమో," అన్నాడు ఇంకొకడు. కొందరు నవ్వారు. నానా బాడు చెయ్యెత్తగానే ఆపేశారు.

"నీ పెట్టె పెట్టు," అన్నాడు ముసలాయన.

తావియా సెన్సార్ ప్లగ్గు ఊడబీకి తన పెట్టె తీగలు గుచ్చాడు. తాళం తిప్పించాడు. డ్యాష్‌బోర్డులో దీపాలు వెలిగాయి. ముల్లు అట్టడుగున ఉంది. మీట కొంచెం తిప్పాడు. నిరోధం తగ్గేకొద్దీ ఇంజన్ వేడెక్కుతోందని కంప్యూటర్ అనుకుంటుంది. ముల్లు లేచింది. ఇంకా తిప్పాడు. ముల్లు మధ్యకు వచ్చింది. పడుకోబెట్టిన ముల్లయితే ఇక్కడే ఉండిపోవాలి. అందరూ తలలు ముందుకు చాచారు.

తావియా తిప్పాడు.

ముల్లు మధ్య దాటింది. ఆగకుండా పైకి పోయి ఎరుపును తాకింది. ఎర్ర దీపం వెలిగింది. ఎక్కడో లోపల నుంచి కీచుమని మోత మొదలైంది. ఆ మోత ఎవరూ ఆపలేదు. తావియా మీట వెనక్కి తిప్పాడు, ముల్లు దిగింది. ముందుకు తిప్పాడు, లేచింది. మళ్ళీ తిప్పాడు.

"చాలు," అన్నాడు నానా బాడు. "ముల్లు మేలుకునే ఉంది."

"సెన్సార్ చెడిపోయి ఉండొచ్చు," అన్నాడు తావియా.

"తీసి చూడు."

సెన్సార్ ఊడదీశాడు. అఫ్రియే కుండలో ఉడుకుతున్న నీళ్ళు డబ్బాలో ముంచి తెచ్చింది. సెన్సార్ నీళ్ళలో ముంచి మీటరు పెట్టాడు. అంకె దిగింది, దిగాల్సిన చోటికే దిగి ఆగింది. సెన్సార్ బాగానే ఉందని చూసినవాళ్ళందరికీ అర్థమైంది. అఫ్రియేకి అంకెలు తెలియవు. ఆమె అతని మొహం చూసింది.

"నీళ్ళు కారిపోయి ఉంటాయి," అన్నాడు తావియా. గొంతు పెంచాడు. "నీళ్ళు లేకపోతే సెన్సార్‌కి ఆవిరే తగులుతుంది. ముల్లు పడిపోతుంది. అలా జరిగి ఉండొచ్చు."

"ఉండొచ్చు," అన్నాడు డ్వొమో. "అలా జరిగినా అది నేను చేసింది కాదు. డ్రైవర్ బతికే ఉన్నాడు కదా. ముల్లు ఎక్కడుందో వాడిని అడుగు. ఏడాదిగా ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి కనపడలేదు.

*

ఆ వ్యాన్ నడిపిన కోదువా ఇప్పుడు బండి నడపడం లేదు. ఎజురా వ్యాన్లు బయల్దేరే స్టేషన్‌లో నిలబడి, ఊరి పేరు అరుస్తూ జనాన్ని ఎక్కిస్తాడు. తావియా వెళ్ళేసరికి ఒక ముసలమ్మ యాము దుంపల బస్తా వ్యాన్ మీదకి ఎక్కించే విషయంలో అతన్ని తిడుతోంది. అతను నవ్వుతూ బస్తా ఎత్తుతున్నాడు. తావియాను చూసి బస్తా కింద పెట్టాడు.

"ఎప్పుడైనా వస్తావని తెలుసు," అన్నాడు.

"వ్యాన్ విప్పాను. ముల్లు బాగానే ఉంది."

"బాగానే ఉంటుంది."

"నువ్వు చూశావు."

"చూశాను."

"ఎరుపులోకి పోయింది, చూశావు. చూసి నడిపావు. ఊపిరాడని మనిషిని వెనక కూర్చోబెట్టుకుని, ఇంజన్ మాడుతుంటే నడిపావు. ఎత్తు మీద అది బిగుసుకుపోయేదాకా నడిపావు. నిన్ను గోతిలో నిలబెట్టి మట్టి కప్పించాలి."

"మెల్లగా మాట్లాడు," అన్నాడు కోదువా. అతని మొహంలో నవ్వు పోయింది. "జనం ఉన్నారు."

"ఉండనీ."

"నీకోసమే చెప్తున్నా."

"నాకేం భయం? నువ్వు భయపడు."

కోదువా అతని చెయ్యి పట్టుకుని వ్యాన్ల వెనక్కి, టైర్లు గుట్టగా పోసిన చోటికి లాక్కుపోయాడు. విడిపించుకోబోయాడు తావియా. కోదువా వదల్లేదు.

"మాంపోంగ్ ఎత్తు మొదలవ్వక ముందే ముల్లు లేచింది. నేను పక్కకి తీశాను. విను, పక్కకి తీశాను. నీళ్ళ డబ్బా చేతిలో పట్టుకుని దిగాను కూడా. కాసేపు ఆగి, నీళ్ళు పోసుకుని పోవాలి అన్నాను. నీ పెళ్ళాం ముందు సీట్లోనే ఉంది. వెనక కాదు. గాలి తగులుతుందని ముందు కూర్చుంది."

తావియా చెయ్యి లాక్కోవడం మానేశాడు.

"ఎందుకు ఆపావు అంది. ముల్లు చూపించాను. ఈ బండికి వైరింగ్ చేసింది ఎవరు అని అడిగింది. హెడ్‌లైట్లు డ్వొమో చేశాడని చెప్పాను. అప్పుడు నవ్వింది. ఊపిరి ఆడకపోయినా నవ్వింది. 'మా ఆయన ఎలక్ట్రీషియన్. డ్వొమో చెయ్యి పడ్డ బండిలో ముల్లు చెప్పే మాట ఒక్కటీ నమ్మొద్దంటాడు. అన్నీ అబద్ధాలే అంటాడు. పోనివ్వు అన్నా, నాకు తొందరగా ఉంది' అంది. బండిలో అందరూ విన్నారు. ఎలక్ట్రీషియన్ పెళ్ళాం చెప్తోందిగా, పోనివ్వు అన్నారు. నేను పోనిచ్చాను."

పక్క వ్యాన్ డ్రైవర్ హారను కొట్టాడు. కోదువా ఆ వైపు చెయ్యి ఊపి మళ్ళీ తిరిగాడు.

"నాదీ తప్పే. నేను డ్రైవర్‌ని. ఆవిడ మాట వినకుండా ఉండాల్సింది. అందుకే మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు. పోలీసులకు ఈ మాట చెప్పలేదు. ఆవిడ మేనమామకీ చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి మీదకి తోసేశాడంటారు. నీ మొహం చూసి ఏడాది నోరు మూసుకున్నాను. నువ్వేమో డ్వొమో డ్వొమో అని ఊరంతా తిరిగావు."

పడుకోబెట్టిన ముల్లు ఎప్పుడూ ఎరుపులోకి పోదు. పోకుండా ఉండటానికే దాన్ని పడుకోబెడతారు. అబద్ధం చెప్పే ముల్లు అంతా బాగానే ఉందని చెప్తుంది. ఎరుపులోకి పోయే ముల్లు ఎవరి చెయ్యి పడ్డా నిజమే చెప్తుంది. మాగజైన్‌లో ప్రతివాడికీ ఇది తెలుసు. సెర్వాకు తెలియదు. తావియా ఆమెకు ఎప్పుడూ తీగల గురించి చెప్పలేదు. రోజూ రాత్రి అన్నం దగ్గర కూర్చుని డ్వొమో గురించే చెప్పాడు.

"నువ్వు అబద్ధం చెప్తున్నావు," అన్నాడు.

"సరే."

"నీ తల్లి మీద ఒట్టు వెయ్యి."

"వెయ్యను. నమ్మితే నమ్ము, లేకపోతే పో. నాకు బండి నింపాలి."

కోదువా వెళ్ళి యాము బస్తా మళ్ళీ ఎత్తాడు. ముసలమ్మ తిట్టడం ఆపిన చోట నుంచి మొదలుపెట్టింది. "ఎజురా, ఎజురా, ఎజురా," అని అరిచాడు కోదువా. తావియా టైర్ల పక్కన నిలబడ్డాడు. ఒక టైరును కాలితో తన్నాడు. మళ్ళీ తన్నాడు. బొటనవేలి గోరు చిట్లి రక్తం వచ్చింది. ఎవరిని తన్నాలో అక్కడ ఎవరూ కనపడలేదు.

*

శుక్రవారం సీసా తీసుకుని డ్వొమో షెడ్డుకు వెళ్ళాడు. నానా బాడు ముందే వచ్చి కూర్చున్నాడు. మాస్టర్లు అర్ధచంద్రంగా నిలబడ్డారు. తావియా సీసా డ్వొమో కాళ్ళ ముందు పెట్టాడు.

"మాట చెప్పాలి," అన్నాడు నానా బాడు.

"నా భార్యను డ్వొమో చంపాడన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇంకా?"

"అంతే."

"క్షమించమని అడగాలి."

"ఆ వ్యాన్ వరకూ తీసుకున్నాను. మిగతా వ్యాన్ల సంగతి తీసుకోను. వీడు ముళ్ళు పడుకోబెడుతూనే ఉన్నాడు. వాటికి క్షమాపణ వీడే చెప్పాలి, నేను కాదు."

గుంపులో గొణుగుడు మొదలైంది. డ్వొమో సీసా అందుకోలేదు. ఆ పెద్ద మొహంలో కోపం లేదు, నవ్వు కూడా లేదు.

"డ్రైవర్ దగ్గరికి వెళ్ళావటగా," అన్నాడు. "ఏమన్నాడు?"

తావియా అతని కళ్ళలోకి చూశాడు. తెలిసి అడుగుతున్నాడా, తెలియక అడుగుతున్నాడా, ఆ కళ్ళలో దొరకలేదు.

"నీ పేరు పోయింది, తిరిగి ఇచ్చాను. ఇంకేం కావాలి నీకు?"

డ్వొమో సీసా తీసుకున్నాడు. మూత విప్పి నేల మీద కొంచెం పోశాడు, చనిపోయిన పెద్దల పేరు చెప్పి. తర్వాత గ్లాసులో పోసి తావియాకు అందించాడు. పద్ధతి ప్రకారం తాగాలి. తావియా ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బోర్లించి బయటికి వచ్చాడు. నాలుక మీద మంట పెట్టింది. ఏడాదిలో మొదటిసారి డ్వొమో మనుషులు అఫ్రియే దగ్గరికి కెంకేకి వెళ్ళారు. ఆమె అమ్మింది. డబ్బు తీసుకుంటూ తావియా షెడ్డు వైపు చూసింది.

సాయంత్రం షెడ్డు మూస్తుంటే వచ్చింది.

"వాడు కాదు. అది తేలిపోయింది. మరి ఎవరు బావా? రేపు ఏం చెప్తావు?"

"రేపు చెప్తాను."

"డ్రైవరా?"

అతను తాళం వేసి, తాళం పడిందో లేదో లాగి చూశాడు. పడింది. మళ్ళీ లాగాడు.

"అమ్మ ఆ మాట కోసం ఏడాదిగా కూర్చుంది," అంది అఫ్రియే. "ఎవరిని శపించాలో తెలియక కాదు, తెలుసనుకుని కూర్చుంది. ఇప్పుడు ఆవిడకు కొత్త పేరు చెప్పాలి నువ్వు."

*

శనివారం సెర్వా వాళ్ళ ఇంటి వాకిట్లో షామియానా వేశారు. నలుపూ తెలుపూ బట్టలు. మేనమామ అన్సా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. అఫ్రియే తల్లిని పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. అన్సా కర్ర నేలకు తాటించాడు.

"అల్లుడు లేవాలి."

తావియా లేచాడు. భుజం మీద బట్ట సర్దుకున్నాడు. వేలికి గుడ్డ కట్టుకున్న కాలు నేల మీద మోపి నిలబడ్డాడు.

"మా బిడ్డ ఎలా పోయిందో చెప్పు, అల్లుడా. నువ్వు చెప్పిందే మాకు."

"డ్వొమో కాదు," అన్నాడు తావియా.

వాకిట్లో గుసగుసలు లేచాయి. అన్సా కర్ర మళ్ళీ తాటించాడు. "కాదని విన్నాం. మాగజైన్ కబురు ఇక్కడికీ వచ్చింది. నువ్వు సీసా పెట్టావని కూడా విన్నాం. మరి ఎవరు? ఆ డ్రైవరా?"

కోదువా పేరు నాలుక చివరే ఉంది. ఒక్క మాట అంటే చాలు. వాడు కాదనడు. ఏడాది మూసుకున్న నోరు ఇంకా మూసుకునే ఉంటాడు, ఈ ఇంట్లో పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా వాడి పేరు తిట్టుకుంటారు. అత్త ముందుకు వంగి అతని పెదాల వంకే చూస్తోంది. ఆ పేరు అందుకోవడానికి ఆవిడ సిద్ధంగా ఉంది.

"డ్రైవర్ కాదు," అన్నాడు.

"మరి?"

"ఇంజన్ బిగుసుకుపోయింది. ఆసుపత్రికి చేరలేదు. అంతే."

"అది ఏడాది కిందటే తెలుసు మాకు," అన్నాడు అన్సా. గొంతులో చిరాకు. "ఎందుకు బిగుసుకుపోయింది? ఎవరి వల్ల? నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. నీకు తెలియదా?"

"తెలుసు."

"అయితే చెప్పు."

షామియానా గుడ్డ గాలికి లేచి పడింది. అత్త నోరు తెరిచి ఏదో అనబోయి ఆగింది. అఫ్రియే ఒక్కతే కదలకుండా అతన్ని చూస్తోంది. ఆ చూపు మెల్లగా మారింది. అడగడం మానేసింది, లెక్క తేల్చుకుంటున్నట్టు అతని మొహం మీదే ఆగింది. తావియా ఆ చూపు నుంచి మొహం తిప్పుకోలేదు. తిప్పుకుంటే తన పేరు తనే చెప్పినట్టవుతుంది.

"చెప్పకుండా కూర్చుంటే ఇక ఈ ఇంటికి అల్లుడివి కావు," అన్నాడు అన్సా. "ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను."

"ఎప్పుడు చెప్తావు మరి?"

"ఇవాళ చెప్పను," అన్నాడు తావియా. "మీరు బతికుండగా చెప్పను, నేను చచ్చేటప్పుడూ చెప్పను. దీని గురించి నా నోటి నుంచి ఇంకో మాట రాదు."

కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాడు.